టంకశాలలో మళ్లీ చేతిపని

హైదరాబాద్ సైఫాబాద్‌లో మింట్ కాంపౌండ్ ఎక్కడని ఆటోవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ పేరు తెచ్చిన టంకశాల 1903లో ఇక్కడికొచ్చింది. అంతకుముందు పాతబస్తీ సుల్తాన్‌షాహీలో ఉండేది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలోనే నిజాం రాజ్యపు నాణెం హాలీ సిక్కా మీదికి చార్మినార్ బొమ్మ ఎక్కింది.

నాణెం తయారీ చూడటానికి యంత్రాల పనే. లోహం కరిగించి, రేకులుగా సాగదీసి, బిళ్లలు కత్తిరించి, కాల్చి మెత్తబరిచి, రెండు ఉక్కు అచ్చుల మధ్య పెట్టి ఒత్తుతారు. కానీ ఆ అచ్చు చెక్కేది శిల్పి. నాణెం మీద మినార్ ఉబ్బెత్తుగా లేవాలంటే అచ్చులో లోతుగా, కుడిఎడమలు తిరగేసి చెక్కాలి. అంగుళం జాగాలో నాలుగు మినార్లూ కుదరాలి. ఫ్యాక్టరీ కప్పు కింద బతికిన కళ అది.

1950లో టంకశాల కేంద్ర ప్రభుత్వం చేతికొచ్చింది. 1997లో నాణేల తయారీ చర్లపల్లికి తరలిపోయింది. పాత భవనం ఏళ్లతరబడి మూతపడే ఉంది. 2022 జూన్‌లో నాణేల మ్యూజియంగా తలుపులు తెరుచుకుంది.

పాత భవనం ఇలా నిలవడం చిన్న విషయం కాదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో కట్టిన థర్మల్ విద్యుత్కేంద్రాన్ని మనం కూల్చేసుకున్నాం. లండన్‌లో థేమ్స్ ఒడ్డున మూతపడ్డ బ్యాంక్‌సైడ్ విద్యుత్కేంద్రం మాత్రం 2000లో టేట్ మోడర్న్ కళా మందిరమైంది. దాని టర్బైన్ హాలులో ఇప్పుడు భారీ కళాకృతులు పెడుతున్నారు. అవి రెండూ కరెంటు పుట్టించిన చోట్లే. ఒకటి మిగిలింది, ఒకటి పోయింది.

మిగిలిన టంకశాలకు అద్దాల పెట్టెలతోనే సరిపెట్టొద్దు. ఒక గదిలో అచ్చు చెక్కడం నేర్పాలి. కరీంనగర్ వెండి తీగ పనివారికి, పెంబర్తి ఇత్తడి పనివారికి అక్కడ కొలువు కల్పించాలి. ఒక హాలు నాటకాలకూ బొమ్మల ప్రదర్శనలకూ వదలాలి. నగర శివారు అల్మాస్‌గూడ పిల్లలు దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే లక్డీకాపూల్‌లో దిగొచ్చు. వాళ్లు వచ్చి నాణేలు చూసి వెళ్లిపోవడమే కాదు, ఉలి పట్టి ఒక బొమ్మైనా చెక్కి వెళ్లాలి. ప్రజల సొమ్ము తయారైన చోటు ప్రజల కళలకు దక్కడమే న్యాయం.