నీలగిరి మన్ను, భవానీ నీరు

కోయంబత్తూరు సీమలో తరతరములుగా కాపురమున్న మన తెలుగువారికి ఉత్తర దిక్కున కానవచ్చు నీలగిరి పంక్తి పరాయి కొండ కాదు. నాయకరాజుల నాటి వలసలను గూర్చియు, నల్లరేగడి దున్ని ఊళ్లు కట్టిన మన పెద్దలను గూర్చియు ఇట్టి సంచికలలో పలుమారు వ్రాయబడియే యున్నది. ఆ పొలములకు ఎగువనున్న మట్టి చరిత్రను మాత్రము ఎవరును తలపెట్టినట్లు కానరాదు. భవానీ నదియు, దానిలో కలియు మోయారును నీలగిరుల నీటితోనే నిండుచున్నవి. 1955లో పూర్తియైన భవానీసాగరము ఆ నీటినే నిలుపుచున్నది. కోయంబత్తూరు నగరము త్రాగు నీటిలో కొంతభాగము భవానీపై కట్టిన పిల్లూరు జలాశయమునుండి వచ్చుచున్నది. కావున ఆ కొండమన్ను కథ మన యింటి కథయే యగును.

నీలగిరి పీఠభూమి మీది భాగము రెండువేల మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. దొడ్డబెట్ట శిఖరము 2,637 మీటర్లు. అచ్చట లోయ మడతలలో పొట్టి చెట్ల గుబురు అడవులును, వాని చుట్టును గుండ్రని గుట్టలపై గడ్డియు పెరుగును. ఆ యడవులను శోలలందురు. చూపరులకు ఆ పచ్చదనము మట్టి బలిమిచేత కలిగినదని తోచును. కాని యది పొరపాటు. వేల యేండ్ల వానలు ఆ నేలలోని సున్నమును, పొటాషును కడిగివైచినవి. మిగిలిన మట్టి ఆమ్లగుణము కలది. ఇనుము, అల్యూమినియము ఆక్సైడులతో నిండినది. ఈ ఆక్సైడులు భాస్వరమును గట్టిగా పట్టుకొని చెట్టు వేళ్లకు సులభముగా విడువవు. మన పల్లెలలో పిసినారి గాదె యను మాట యిట్టి నేలకే తగును.

మరి ఆ యడవి ఎట్లు బ్రతుకుచున్నది? చలి చేత ఆకులు మెల్లగా కుళ్లును. నల్లని పొర పేరుకొనును. నత్రజనియంతయు ఆ పొరలో కట్టుబడి, సూక్ష్మజీవులు విడిచినంత మేరకే కొంచెము కొంచెముగా వేళ్లకు అందును. వేళ్లనంటియుండు శిలీంధ్రములు మట్టి దాచిన భాస్వరమును వెదకి తెచ్చును. రాలిన ఆకులోని సారము వానకు కొట్టుకొనిపోకముందే మరల చెట్టెక్కును. గడ్డినేలలో ఈ వ్యాపారమంతయు భూమి క్రిందనే, వేళ్ల దట్టములో జరుగును. అందుచేతనే ఆ గడ్డిగుట్టల నుండి దిగు వాగునీరు మిక్కిలి తేటగా నుండెడిది. కొండ తన సొమ్మును క్రిందికి విడువదు. నీటిని మాత్రము విడుచును.

ఈ గడ్డినేలల వయస్సు విషయమున చాలకాలము వివాదము నడచినది. మనుష్యులు అడవి నరికి, కాల్చి చేసిన బయళ్లే యివి యని కొందరు తలచిరి. పల్లపు బురదలలో పీటు అను నల్లని మట్టి పొరలు పొరలుగా నిలిచియున్నది. చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లక మిగిలిన పదార్థమది. 1993లో ఆర్. సుకుమార్, ఆయన సహచరులు ఆ పీటులోని కర్బన ఐసోటోపులను కొలిచి, ఇరువది వేల యేండ్ల వెనుకటి శీతల శుష్క కాలముననే అచ్చట గడ్డి విస్తారముగా నుండినదని చూపిరి. గొడ్డలికి ముందే గడ్డి యున్నదన్నమాట. శీతకాలపు మంచు గడ్డిబయళ్లలో శోల మొలకలను చంపుచుండుటయు ఒక కారణము.

తోడవారు ఆ గడ్డిపై ఎనుములను మేపిరి, ఎండకాలమున గడ్డిని కాల్చిరి. కాల్చినప్పుడు నత్రజనిలో చాలపాలు గాలిలో కలియును. బూడిదలో భాస్వరము, పొటాషు మిగులును. పగలు గుట్టలపై మేసిన ఎనుము రాత్రి దొడ్డిలో పేడ వేయుటచేత బయలు సారము దొడ్డి చెంతకు చేరెడిది. బడగవారు రాగులు, సామలు వేసి, నేల అలసినప్పుడు దానిని బీడు విడిచి వేరుచోట దున్నెడివారు. దొరతనమువారు ఈ పద్ధతిని సోమరితనముగా నెంచిరి. మాకు అట్లు తోచదు. పిసినారి నేలతో బేరమాడుటకు అంతకన్న తెలివైన మార్గము అప్పటికి లేదు.

పెద్దమార్పు పందొమ్మిదవ శతాబ్దిలో వచ్చినది. గడ్డిబయళ్లు కందాయపు లెక్కలలో బంజరులైనవి. వంటచెరకునకై ఆస్ట్రేలియానుండి నీలగిరి తైలపు చెట్టును, తోళ్లు ఊనుటకు పనికివచ్చు బెరడునకై వాటిల్ అను తుమ్మజాతి చెట్టును తెచ్చిరి. ఇరువదవ శతాబ్దిలో స్వతంత్ర ప్రభుత్వము కూడ ఈ తోటలను పెంచినదే గాని తగ్గింపలేదు. తైలపు చెట్టు నీరు త్రాగునని జనవాక్యము. దీనిని తేల్చుటకు ఉదకమండలపు భూసంరక్షణ పరిశోధనకేంద్రమువారు గ్లెన్‌మార్గన్ వద్ద రెండు పరీవాహములను 1968 నుండి కొలిచి, 1972లో ఒకదానియందు ఆ చెట్టును నాటిరి. మొదటి పదియేండ్లలో వాగునీరు సుమారు నూటికి 16 పాళ్లు తగ్గినది.

వాటిల్ చేసినపని వేరు. దాని వేరుబుడిపెలలోని బాక్టీరియాలు గాలినుండి నత్రజనిని పట్టి మట్టికి కలుపును. మెట్టరైతుకు ఇది వరమే. ఉలవ, పెసర మన చేలలో చేయునదియు ఇదియే. కాని పేదతనమునకే అలవాటుపడిన నేలకు ఆకస్మికమైన కలిమి ముప్పు తెచ్చినది. చెట్టును నరికినను ఆ నత్రజని నేలలో మిగులును. విత్తులు దశాబ్దములు మట్టిలో నిద్రించును. నరికినచోట పాతగడ్డి మరల రాక, స్కాచ్ బ్రూము వంటి పరదేశపు పొదలు క్రమ్ముకొనును. అదియు నత్రజనిని కట్టు జాతియే. ఇటీవలి దశాబ్దములలో వాటిల్‌ను పెరికి నాటుగడ్డిని వేయు ప్రయత్నములు జరుగుచున్నవి. ఈ మట్టిలోపలి నిలువ వారికి పెద్ద అడ్డంకి.

మన వారు ఉర్లగడ్డ యని పిలుచు బంగాళాదుంప సేద్యమును గూర్చియు ఒకమాట. నిట్రమైన వాలులపై భాస్వరపు ఎరువును గుమ్మరింపక ఆ పంట రాదు, ఏలన మట్టి ముందుగా తన పాలు పట్టుకొనును. 1961లో దుంపవేళ్లను తిను బంగారు నులిపురుగు కనబడిన తరువాత సేద్యము కుంటువడినది. పలువురు చిన్నరైతులు తేయాకునకు మరలిరి. దున్నిన వాలునుండి వానకు జారిన మన్ను ఎరువుతో కూడ వాగులలో పడి, జలాశయముల అడుగున చేరుచున్నది.

కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1823–25 ప్రాంతమున ఉదకమండలపు లోయకు అడ్డుకట్ట వేసి చెరువు తవ్వించెను. ఆ చెరువు ఇప్పటికి చాల కుదించుకొనిపోయినది. దాని పాతగర్భములో కొంతభాగమున గుఱ్ఱపుపందెముల మైదానము, బస్సుల నిలయము వెలసినవి. పట్టణపు మురుగు చిరకాలము దానిలో కలిసినది. పల్లమునుండి బియ్యము, పప్పు రూపమున కొండెక్కిన నత్రజని, భాస్వరములు మురుగుగా మారి చెరువులో నాచును పెంచుచున్నవి. చెరువు దాటిన నీరు సాండినల్లా వాగులో కలిసి మోయారు వైపునకు పోవును. ఇరువది వేల యేండ్ల గడ్డిచరిత్రను దాచిన పీటు బురదలున్నదియు ఆ సాండినల్లా ప్రాంతముననే.