ఐబున్న ఖిలౌనాల తారీఖ్

2022 డిసెంబర్‌లో మన వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఆస్మాన్ నుంచి ఒక పెద్ద గుండ్రటి డబ్బా దిగింది. చుట్టుపక్కల ఊళ్ల జనం ఉరికొచ్చారు. ఏలియన్ల బండి అన్నారు కొందరు. హకీకత్ వేరే. స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ అనే కంపెనీ, మనుషుల్ని బెలూన్ మీద పైకి తీసుకెళ్లే క్యాప్సూల్‌ను ఎవర్నీ ఎక్కించకుండా పరీక్షించి చూసింది. హైదరాబాద్ టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం సాయంతో ఎగిరిన ఆ డబ్బా మన చేలల్లో వాలింది.

ఎన్నడూ చూడని వస్తువుకు ‘ఏలియన్ల బండి’ అనే పేరు అంత జల్దీ ఎట్లా దొరికింది? ఎందుకంటే ఆ తసవ్వుర్ మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చి కూర్చుంది. దాని నిశానీలు ఇంకా అటకల మీద, పాత సందూకుల్లో ఉన్నాయి.

ఉర్దూ చదివే ఇళ్లకు అది ముందు కాగితం మీద వచ్చింది. ఢిల్లీ నుంచి షమా వాళ్లు తెచ్చిన బచ్చోంకా రిసాలా పేరే ‘ఖిలౌనా’. అందులో సిరాజ్ అన్వర్ రాసిన ‘కాలీ దునియా’, ‘నీలీ దునియా’ లాంటి సైన్స్ కహానీల కోసం పిల్లలు నెలంతా ఇంతెజార్ చేసేవాళ్లు. పెద్దలకు ఇబ్నె సఫీ ఉండనే ఉన్నాడు. 1952లో అలహాబాద్‌లో మొదలైన ఆయన ‘జాసూసీ దునియా’ ముందుముందు జీరోలాండ్ అనే వింత ముల్క్ దాకా పోయింది. ఆ తర్వాత దూరదర్శన్‌లో జెయింట్ రోబో, హీ-మ్యాన్ వచ్చాయి. 1991లో ‘ఆదిత్య 369’ తెలుగువాళ్లకు టైమ్ మెషీన్ చూపించింది.

టీవీ వెనకే బొమ్మలొచ్చాయి. అమెరికా మ్యాటెల్ లైసెన్సుతో లియో వాళ్లు హీ-మ్యాన్ బొమ్మల్ని ఇండియాలోనే చేశారు. 1987లో ఎంఆర్ఎఫ్, హాస్‌బ్రో కలిసి ఫన్‌స్కూల్ పెట్టి, గోవా ఫ్యాక్టరీలో జీఐ జో సిపాయిల్ని పోతపోశాయి. సాంచాలు అమెరికావి, రంగులు ఇక్కడివి. అమెరికాలో ఒక రంగున్న సిపాయి ఇక్కడ ఇంకో రంగులో వచ్చేవాడు. ఒక్కో బ్యాచ్‌కు కూడా రంగు మారేది. అప్పుడు దాన్ని ఐబ్ అన్నారు. ఇప్పుడు విదేశీ షౌకీన్లు ఆ ఇండియా బొమ్మల కోసమే వెతుకుతున్నారు.

తాండూరులో నాపరాయి కారోబార్ చేసే ఇళ్లకు తెలుసు, మచ్చపడ్డ బండకు రేటు పడిపోతుంది. ఖిలౌనాల బజారులో మాత్రం మామలా ఉల్టా. 1979లో కెన్నర్ కంపెనీ స్టార్ వార్స్ సిరీస్‌లో రాకెట్ విసిరే బోబా ఫెట్ బొమ్మను తయారుచేసి, పిల్లల గొంతులో అడ్డం పడుతుందన్న డర్‌తో అమ్మకుండా ఆపేసింది. ఆ నమూనా బొమ్మల్లో ఒకటి 2024లో అమెరికా వేలంలో 5,25,000 డాలర్లకు పోయింది.

అయితే ఐబుల్లో ఫరఖ్ ఉంది. ఫ్యాక్టరీలో పడ్డ ఐబుకు బజారు కీమత్ కడుతుంది. పిల్లల చేతుల్లో పడ్డదానికి కట్టదు. విరిగిన చెయ్యి, అరిగిన మొహం, రిసాలా అట్ట మీద ఉర్దూలో రాసుకున్న పేరు, ఇవన్నీ కలెక్టర్ లెక్కలో నుక్సాన్. మన లెక్కలో అదే తారీఖ్. తాండూరు, వికారాబాద్ గల్లీల్లో మన పిల్లలు కూడా సితారల మీదికి పోయే ఖ్వాబ్ చూశారని గవాహీ ఇచ్చేది ఆ గీతలే. వాటిని ఏ సర్కారీ దఫ్తర్‌లోనూ ఎవరూ రాసి పెట్టలేదు.

అందుకే ఇల్లు కూలగొట్టే ముందు, కబాడీవాణ్ణి పిలిచే ముందు సందూక్ ఒకసారి తెరవండి. బొమ్మకు కొత్త రంగు వేయకండి, అసలు రంగు పోతే కలెక్టర్‌కూ పనికిరాదు, ఖాందాన్‌కూ పనికిరాదు. అది ఎవరిది, ఎవరు కొన్నారు, ఎక్కడ కొన్నారు అని దాదీనో, నానానో అడిగి చీటీ రాసి పెట్టండి. రిసాలాల అంచుల మీది ఉర్దూ రాతల్ని వాళ్లతోనే చదివించండి. తెలుగు, ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్న మన పిల్లలకు ఆ హర్ఫులు రావు. చదివి చెప్పే పెద్దలు ఇంట్లో ఉన్నప్పుడే ఆ పని కావాలి.