ఒకరి పాట, వేఱొకరి గొంతు



కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి పోవు త్రోవలో తాడ్వాయి యను నూరు గలదు. మేడారపు జాతరకు పోవువా రెఱిగిన తాడ్వాయి వేఱు. అది ములుగు సీమలోనిది. మనము చెప్పుకొను తాడ్వాయి చిరకాలము నిజామాబాదు జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11వ తేదీన క్రొత్తగా నేర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరినది. పెత్రమాస వచ్చినదనగా తెలంగాణమందలి తక్కిన పల్లెలలో వలెనే అచ్చటను గునుగు, తంగేడు పూలతో బతుకమ్మను పేర్చి స్త్రీలు వలయముగా నిలుతురు. ఒకతె చరణ మెత్తును. తక్కినవారు దాని నందుకొని తిరిగి పలుకుదురు. చరణ మెత్తినయామెను "ఈ పాట యెవరిదమ్మా?" యని యడిగి చూడుడు. "మా యమ్మ పాడంగ నేర్చుకొన్న" నని చెప్పును. ఆ యమ్మకు వాళ్ల యమ్మ నేర్పినది. అంతకు మించి పోవుటకు త్రోవ లేదు. పాట మిగిలినది, కట్టిన గొంతు పోయినది.

ఈ ముచ్చట నేడు నేనెత్తుటకు హేతువు మిక్కిలి దూరపు సంగీతమునకు చెందిన యొక వాదము. ఆ సంగీతమునకు హెవీ మెటల్ అని పేరు. చెవులు గింగురుమనిపించు విద్యుద్గిటారులు, పిడుగులవంటి డ్రమ్ములు గల యా సంగీతమునకును, చప్పట్ల లయపై సాగు బతుకమ్మ పాటకును పొత్తేమని మీరు నవ్వవచ్చును. పొత్తు నాదములో లేదు. పరుల పాటను తాను పాడుటలో నున్నది. ఒక బృందమువారు కట్టిన పాటలను వేఱ్వేఱు బృందములవారు గౌరవార్థము మరల పాడి, వానినెల్ల నొక్క సంపుటిగా వెలువరించుట వారిలో నొక యాచారము. దానిని వారు ట్రిబ్యూట్ ఆల్బమ్ అందురు. మనము నివాళి సంపుటి యందము. అందలి పాటను కవర్ పాట యందురు. ఈ ప్రసంగమున దానిని అనుగానమని పిలిచెదను.

ఈ హెవీ మెటల్ చరిత్ర యింగ్లండులోని బర్మింగ్‌హామ్ పట్టణమునకు పోవును. అది కర్మాగారముల పట్టణము. 1968లో అచ్చట ఓజీ ఆస్‌బర్న్, టోనీ ఐయోమీ, గీజర్ బట్లర్, బిల్ వార్డ్ అను నలుగురు యువకులు కూడి యొక బృందముగా నేర్పడిరి. అదియే తరువాత బ్లాక్ సబ్బత్ అను పేర ప్రసిద్ధి గాంచినది. వీరిలో గిటారు వాయించు ఐయోమీ పదునేడేండ్ల ప్రాయమున రేకుల కర్మాగారమున పనిచేయుచు, యంత్రములో చేయి పడి, కుడిచేతి రెండు వ్రేళ్ల కొసలను పోగొట్టుకొనెను. అతడు ఎడమచేతి వాటపువాడు; కావున తంత్రులను నొక్కవలసిన చేయి యదియే. అంతటితో వాద్యమునకు స్వస్తి చెప్పవలసినవాడే. కాని యతడు ప్లాస్టిక్కు సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. సన్నని తంత్రులను వేసికొనెను. పిమ్మట వాని బిగువు సడలించి శ్రుతిని దించెను. ఆ సంగీతమునకు గల బరువైన నాదమునకు ఆ గాయమును ఒక మూలమైనది.

వారి తొలి సంపుటి 1970 ఫిబ్రవరి 13వ తేదీన వెలువడినది. హెవీ మెటలునకు ఆదిగ్రంథమని పలువురు దానిని పేర్కొందురు. చిత్రమేమనగా, ఆ యాదిగ్రంథముననే రెండు పాటలు పరులవి. 'ఈవిల్ ఉమన్' అను పాట అమెరికాలోని క్రో అను బృందమువారిది. 'వార్నింగ్' అనునది ఎయిన్స్‌లీ డన్‌బార్ బృందమువారిది. అనగా, అనుగానము చేయనివారి నెవ్వరినో వెదకి వారికే నివాళి యర్పింతమన్నచో, ఈ శాఖకు మూలపురుషులే దొరకరు.

1994లో 'నేటివిటీ ఇన్ బ్లాక్' అను పేర బ్లాక్ సబ్బత్ వారి కొక నివాళి సంపుటి వెలువడినది. అందు అమెరికాకు చెందిన మెగాడెత్ బృందము 'పారనాయిడ్' పాటను మూలమునకు మిక్కిలి దాపుగా పాడినది. బ్రెజిలు దేశపు సెపుల్‌టురా బృందము 'సింప్టమ్ ఆఫ్ ది యూనివర్స్' పాటను తన కరకు గొంతుకతో మఱింత మొఱకుగా మార్చినది. టైప్ ఓ నెగటివ్ అను బృందము, మొదలే మందగతి గల పాటను మఱింత మందగింపజేసి, గోతిలోనుండి వచ్చుచున్నట్లు వినిపించినది. ఉత్తర ఐర్లండు బృందమైన థెరపీతో కూడి ఓజీ ఆస్‌బర్న్ తన పాటను తానే మరల పాడినాడు! తనకు తానే నివాళి యర్పించుకొనుట లోకమున నరుదు.

ఇట్టి సంపుటములు వెలువడినప్పుడెల్ల రసికులు మూడు తెగలుగా చీలుదురు. మొదటివారు, "మూల మెట్లును మించరానిది, కావున నీ ప్రయత్నమే వ్యర్థ" మందురు. రెండవవారు, "పాడవచ్చును, కాని యున్నదున్నట్లు పాడవలెను, వంకర త్రిప్పుట ద్రోహ" మందురు. మూడవవారు, "ఉన్నదున్నట్లు పాడుటకు మఱియొకడేల? మూలమును మోయు పలక యింటనే యున్నది గదా! క్రొత్తది చేర్పలేనివాడు ముట్టనే కూడ" దందురు. మువ్వురి మాటయందును కొంత నిజము గలదు. ఏ పక్షమున తూకము మొగ్గునో నిర్ణయించుటకు మన యింటి చరిత్రనే చూతము. ఏలయన పరుల పాటను పాడుటలో మనకు గల యనుభవము బర్మింగ్‌హామ్ వారికంటె శతాబ్దములు పెద్దది.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో జన్మించి 1503లో పరమపదించిరి. ముప్పది రెండువేల సంకీర్తనలు రచించిరని ప్రతీతి. వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల యాలయములోని యొక చిన్న యఱలో భద్రపఱచిరి. ఆ రేకులు శతాబ్దములు పలుకక పడియుండి, ఇరువదవ శతాబ్దమున వెలుగు చూచినవి. సంకీర్తనకు పైన రాగము పేరు గలదు. స్వరము మాత్రము లేదు. ఎట్లు పాడిరో తెలిపెడు గొంతులు ఏనాడో మూగవోయినవి. అప్పుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు కొన్ని సంకీర్తనలకు స్వరము కూర్చిరి. పిదప నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు మొదలగువారు మఱికొన్నిటికి కూర్చిరి. నేడు మనము వినుచున్న అన్నమయ్య పాట, ఆ మహనీయుని సాహిత్యమునకు వేఱొకరు చేసిన యనుగానమే. మూలగాన మెవ్వరును వినలేదు, వినబోరు.

ఇచట మొదటి తెగవారి మాట నిలువదు. మూలమునకు సాటి రాదని చేతులు ముడుచుకొని యుండినచో ఆ రాగిరేకులు రాగిగనే మిగులును. రెండవ తెగవారి మాటయు నిలువదు. ఉన్నదున్నట్లు పాడుట కున్నది లేదు. కాబట్టి క్రొత్త నాదము చేర్చుట పాపము కాదు. కొన్ని తావుల నదియే ప్రాణప్రతిష్ఠ. ఐనను ఒక్క లోపము చెప్పక తప్పదు. సభలలో "ఇప్పుడు అన్నమయ్య కీర్తన" యని ప్రకటించి పాడుదురు. ఆ స్వరమును కూర్చినవారి పేరు పలుమాఱులు వినబడదు. పదము పుట్టించినవాడు పూజలందుకొనును. పదమునకు ఊపిరి పోసినవాడు పరదా వెనుక నుండును.

దీనికి తలక్రిందుగా జరిగిన కథ తెలంగాణమున నొకటి గలదు. 1946నుండి 1951వఱకు సాగిన సాయుధ పోరాటమున నిజాము ప్రభువునకు ఎదురు నిలిచి జనులు పాడుకొన్న పాటలలో 'బండెనక బండి కట్టి' యనునది మిక్కిలి ప్రసిద్ధము. అది బండి యాదగిరి యను పోరాటయోధుని పాట. దాని నాటివారు సభలలోను, దళములలోను గొంతెత్తి పాడిరి. మూడు దశాబ్దముల పిదప గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నర్సింగరావుగారి నిర్మాణమున 'మా భూమి' యను చలనచిత్రము తయారై 1980లో విడుదలయ్యెను. హైదరాబాదునుండి కామారెడ్డికి వచ్చు రాజమార్గముపైనున్న తూప్రానులో జన్మించిన గుమ్మడి విఠల్‌రావు, అనగా గద్దరు, ఆ చిత్రమున గొంగడి భుజమున వేసికొని ఆ పాటను పాడెను. ఆ గొంతులో నేమి మహిమ యుండెనో కాని, దానిని విన్నవారు మఱవలేదు. ఆ పాట తెరనుండి దిగి వీధులలోనికి మరల వచ్చినది. ప్రత్యేక తెలంగాణ యుద్యమమున మరల మ్రోగినది. 2023 ఆగస్టు 6వ తేదీన గద్దరు కన్నుమూసినప్పుడు పలువురకు మొదట జ్ఞప్తికి వచ్చినది ఆ పాటయే.

అది మహత్తరమైన యనుగానమనుటకు సందేహము లేదు. కాని ఫలమేమైనది? ఆ పాట నెవరు కట్టిరని యడిగినచో నేడు పదిమందిలో పలువురు గద్దరనియే చెప్పుదురు. ఇందు గాయకుని దోషము లేదు. వినువారి యలసత్వమే కలదు. నాటకమున వేషధారిని చూచి, అతడే కవి యని భ్రమించు పిల్లలవలె మనము వ్యవహరించితిమి. పోరాటమున బ్రతుకునే పణముగా నొడ్డి కట్టిన పాటకు కట్టినవాని పేరైన మిగులకున్నచో, అతనికి మన మర్పించిన నివాళి యెట్టిది?

ఇచ్చట బర్మింగ్‌హామ్ వారి యాచారము మనకు పాఠము చెప్పును. నివాళి సంపుటి యట్టపై పాడినవాని పేరును, పాట మొదట నెవరిదో ఆ పేరును కలిసియే యుండును. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచినచో అది నివాళియే కాజాలదు. 2025 జులై 5వ తేదీన బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్కు క్రీడాస్థలమున బ్లాక్ సబ్బత్ వారి కడపటి సభ జరిగినప్పుడు, మెటాలికా మొదలుగా లోకప్రసిద్ధమైన బృందములు వచ్చి, తమ పాటలతో పాటు ఆ మూలపురుషుల పాటలను వారి సమ్ముఖమున పాడిరి. మునుపు వ్రేళ్లు తెగిన కార్మికుడు పెద్దవాడై వేదికపై నుండెను. ఓజీ ఆస్‌బర్న్ లేవలేని స్థితిలో సింహాసనమువంటి పీఠముపై కూర్చుండి పాడెను. పదునేడు దినములకు, జులై 22వ తేదీన, అతడు మరణించెను. తన ఋణము తీర్చువారిని తన కన్నులతో చూచి పోయినవాడు ధన్యుడు. బండి యాదగిరి కా భాగ్యము లేకపోయెను.

మన దేశపు చట్టమును ఈ విషయమున మౌనముగా లేదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో చేసిన సవరణమున అనుగానములకు నియమము లేర్పఱచిరి. హక్కుదారుతో నొప్పందము లేకయే చట్టపు అనుమతితో పాట వెలువరింపదలచినవాడు, తొలి ముద్రణ జరిగిన యేడు ముగిసిన పిమ్మట అయిదేండ్లు ఆగవలెను. ఏటికి కనీసము 50,000 ప్రతుల లెక్కను గౌరవధనము చెల్లింపవలెను. ఇది యనుగానమని యట్టపై తెలుపవలెను. సాంకేతికముగా తప్పనిసరియైన మార్పు తప్ప వేఱు మార్పులు సమ్మతి లేక చేయరాదు. ఇందు ధనము లెక్క గలదు; గడువు లెక్క గలదు. కాని యెవరు కట్టిరో తెలియని పల్లెపాటకు హక్కుదారుడే లేడు. ఎవరికి గౌరవధనము చెల్లింతుము? ఎవరి సమ్మతి యడుగుదుము? చట్టము చేయి చాపలేని యా చోట మన నిజాయితియే చట్టము.

ఈ మాట యిప్పుడు చెప్పవలసినంత యెప్పుడును లేదు. పూర్వము బతుకమ్మ పాట వాకిటినుండి వాకిటికి పోయెడిది. ఇప్పుడు చేతిఫోనులో పడి, నిమిషములో లోకమంతయు తిరుగుచున్నది. పట్టణమునుండి వచ్చిన గాయకుడు పల్లెలో నొక ముసలమ్మ పాడిన పాట విని, వాద్యములు జోడించి, అందముగా పాడి వెలువరించును. అది మంచిదే, పాట బ్రతుకును. కాని దానిపై అతని పేరు మాత్రమే యుండి, ముసలమ్మ పేరు గాని, ఆ యూరి పేరు గాని లేకున్నచో, ఇరువదేండ్లకు ఆ పాట అతనిదే యగును. యాదగిరి పాటకు పట్టిన గతియే దీనికిని పట్టును. యాదగిరి పేరు చెప్పుట కిప్పటికైనను తెలిసినవారు గలరు. ఆ ముసలమ్మ పేరు చెప్పువారుండరు.

కాబట్టి మూడు తెగలవారి వాదమునకు నేను చేయు తీర్పిది. పరుల పాటను పాడుడు, మార్చియు పాడుడు, మార్చకయు పాడుడు. గొంతు మీది గనుక నది మీ స్వేచ్ఛ. కాని పాటకు ముందు మూడు మాటలు చెప్పుడు: ఎవరు కట్టిరి, ఎవరివద్ద నేర్చితిమి, మేమేమి మార్చితిమి. కట్టినవారు తెలియకున్నచో నేర్పినవారిని చెప్పుడు. నేర్పినయామె తాడ్వాయి యామె యైనచో తాడ్వాయి యని చెప్పుడు. అంతకంటె దొడ్డ నివాళి లేదు.

మరల పెత్రమాస వచ్చును. వాకిళ్లలో పూలు పేర్తురు. ఒకతె చరణ మెత్తును. ఆ నాడు మీలో నెవరైన ఆ పాటను ఫోనులో పట్టుకొనినచో, పట్టుకొనుటకు ముందు "అమ్మా, నీ పేరేమి? నీకెవరు నేర్పిరి?" అని యడుగుడు. ఆమె చెప్పిన మాటను పాటతో కలిపి దాచుడు. పాట తోడ పేరు బ్రతికినచో పాడినవాని కేమియు తగ్గదు. కట్టినవాని ఋణము మాత్రము తీరును.