పక్క తీగ పలుకు

రాజమహేంద్రవరమున గోదావరిపై హేవ్‌లాక్ వంతెన 1900లో తెరువబడినది. ఆ కాలమున రైలుమార్గముల వెంట తంతి స్తంభములు బారులు తీరియుండెడివి. తంతికి ఒక్క తీగ చాలును; తిరుగుదారి భూమియే. టెలిఫోను తీగలు వాటి పక్కకు చేరినచోట చిక్కు వచ్చెను. తంతి టకటకలు టెలిఫోనులో వినబడుట, ఒకరి సంభాషణ వేరొకరి చెవిన పడుట మొదలయ్యెను. దీనికే క్రాస్‌టాక్ అని పేరు.

కారణములు రెండు. ప్రవాహము మారినపుడు చుట్టునున్న అయస్కాంత క్షేత్రము మారి పక్క తీగలో వోల్టేజిని ప్రేరేపించును. ఇదిగాక, రెండు తీగలు నడిమి గాలితో కలిసి ఒక కండెన్సరుగా పనిచేయును. కాలువగట్టు గుండా పక్క చేనికి నీరు ఊరుట డెల్టా రైతు ఎరిగినదే. కాని ఊట ఒకే దిక్కున పోవును. ఇచ్చట అలజడి రెండు దిక్కులకును నడచును. సంకేతము బయలుదేరిన కొనవైపు ఈ రెండు ప్రభావములును కూడును. ఆవలి కొనవైపు ఒకదానినుండి మరొకటి తీసివేయబడును.

గ్రాహం బెల్ 1881లో జంట తీగలను మెలివేయు పద్ధతికి పేటెంటు పొందెను. టెలిఫోను తీగలలో కండెన్సరు ప్రభావమే ప్రధానమని అమెరికను ఇంజనీరు జాన్ కార్టీ 1889లో చూపెను. స్తంభములమీద కొంత దూరమునకొకసారి తీగల స్థానములు మార్చినచో, ఒక భాగమున చేరిన అల్లరిని తరువాతి భాగము రద్దుచేయును.

మాట వినబడుట అసౌకర్యము మాత్రమే. పక్కన హై వోల్టేజి లైను ఉన్నచో ప్రాణాపాయము. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో వచ్చిన పిమ్మట ఆంధ్రతీరమున అట్టి లైన్లు పెరిగినవి. ఇచ్చట మామూలు ప్రవాహమును లెక్కించిన చాలదు. లైను తెగి భూమిని తాకి, వేలకొలది ఆంపియర్లు పారు క్షణమునే లెక్కింపవలెను. అప్పుడు సైతము టెలిఫోను తీగలో పుట్టు వోల్టేజి 430 మించరాదని భారతదేశమున నియమము. దోషము త్వరగా తెగు లైన్లకు 650. హౌరా–చెన్నై మార్గము 2005 నాటికి పూర్తిగా విద్యుదీకరింపబడెను. 25,000 వోల్టుల తీగ క్రింద పాత స్తంభములకు చోటు లేదు. వార్తాతంత్రులు కేబుళ్లలోనికి దిగవలసినదే.

కంప్యూటరు బోర్డుమీద మైళ్లు సెంటీమీటర్లైనవి, చిక్కు మాత్రము అదే. గుంటూరు జిల్లా కాకుమానులో జన్మించిన నన్నపనేని నారాయణరావు 1965 నుండి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో బోధించుచు, తమ విద్యుదయస్కాంత పాఠ్యగ్రంథములలో ఈ గణనమును విద్యార్థులకు వివరించిరి. రెండు గీతల నడుమ ప్రేరణ నిష్పత్తి 0.10, కండెన్సరు నిష్పత్తి 0.06 అనుకొందము. వీని మొత్తములో నాలుగవ వంతు 0.04. గీత తగినంత పొడవున్నచో, 3.3 వోల్టుల సంకేతము పక్క గీతలో మొదటి కొనవద్ద 0.13 వోల్టు పుట్టించును. ఇరువైపుల గీతలు ఒకే క్షణమున మారినచో 0.26. టెలిఫోను ఇంజనీరులు పలువురి గొంతులు కలగలిసి గుసగుసగా తేలునని సగటు పట్టగలిగిరి. ఒక్క అంకె తప్పినను లెక్క చెడు యంత్రమునకు సగటు పనికిరాదు. అందుచే పొరుగు గీతలన్నియు ఏకకాలమున ఒకే దిక్కున మారునని ఎంచుదురు. మొదటి కొన సరిపోలని నిరోధముతో ముగిసినచో అచ్చటి అలజడి ప్రతిఫలించి గ్రాహకమును చేరును. దానిని కూడ కలుపవలెను.

ఇట్లు లెక్కించిన విలువ తరచు వాస్తవమునకంటె హెచ్చు. గీతల నడుమ ఎడము పెంచిన బోర్డు ఖరీదు పెరుగును. గీతలను రెండు లోహపు పలకల నడుమ, ఒకే పదార్థములో పొదిగినచో రెండు నిష్పత్తులు సమానమగును. ఆవలి కొన అలజడి దాదాపు శూన్యమగును. మొదటి కొనది మాత్రము మిగులును.