ఉమ్మడి నిల్వ, వంతుల నియమం
ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. నీరు చాలని ఏడాది దాళ్వా పంటకు వంతులవారీగా నీరివ్వడం గోదావరి డెల్టా రైతుకు పరిచితమే. ఉమ్మడి నిల్వను పలువురు వాడుకొనేచోట వంతు ఎంతమేరకు వర్తించాలన్న ప్రశ్న కంప్యూటర్ నిల్వ చరిత్రలోనూ కీలకమైనది.

1986లో ప్రమాణీకరించిన స్కజీ పద్ధతిలో డిస్కు కేబుల్‌తో యంత్రాన్ని అంటిపెట్టుకొని ఉండేది. 2004 నాటి ఐస్కజీ ప్రమాణం ఆ ఆదేశాలనే సాధారణ నెట్‌వర్కు మీదుగా పంపే వీలు కల్పించింది. నిల్వ సర్వర్ తన డిస్కుల నుండి కొంత భాగాన్ని విడదీసి ‘లన్’గా చూపుతుంది, వర్చువల్ యంత్రాలను నడిపే హోస్టు దానిని సొంత డిస్కుగానే భావిస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. రెండు హోస్టులు ఒకదాని రాత మరొకదానికి తెలియక ఒకే లన్‌పై రాస్తే ఫైళ్ల పట్టిక చెడి దత్తాంశం నశిస్తుంది.

వీఎంవేర్ సంస్థ తన వీఎంఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థలో దీనికొక తాళం ఏర్పరచింది. అది మొరటు తాళం. ఒక హోస్టు పట్టికను మార్చే క్షణాన లన్ మొత్తం దాని వశమయ్యేది, తక్కినవి వేచి ఉండేవి. ఒక తూము కోసం కాలువంతా కట్టేసినట్లు! ఒక్కో లన్‌పై కొద్ది వర్చువల్ యంత్రాలనే ఉంచాలన్న నాటి నియమానికి ఈ నిరీక్షణే ముఖ్య కారణం. 2010లో వీస్ఫియర్ 4.1తో తాళం సంబంధిత బ్లాకుకే పరిమితమైంది. అయితే నిల్వ సర్వర్ కూడా ఆ ఆదేశాన్ని గుర్తించగలగాలి. లన్‌ను ఏయే హోస్టులకు చూపాలో నిర్ణయించే అనుమతి పట్టిక అవసరం మాత్రం నేటికీ తొలగలేదు.