ఆటోస్టార్టరూ, నా సొరుగులో ఆర్డునో కిట్టూ

మీ టేబుల్ సొరుగులో కూడా ఒక ఆర్డునో కిట్ పడి ఉందా? నిజం చెప్పండి. మన సాఫ్ట్‌వేర్ వాళ్లలో చాలామంది కథ ఒకటే. ఉత్సాహంగా కొంటాం, ఒక ఆదివారం కూర్చుని ఎల్ఈడీ వెలిగించి ఆర్పుతాం, ఫొటో తీసి నలుగురికీ పంపుతాం, సొరుగులో పెట్టేస్తాం. నాదీ అదే. రెండేళ్లు దాని మొహం చూడలేదు.

బద్ధకం అనుకునేవాణ్ణి. కానీ మా పల్నాడులో ఒకప్పుడు ఈ విద్య ఎలా నేర్చుకునేవారో గుర్తు చేసుకుంటే, నేను మొదలుపెట్టిన చోటే తప్పు అనిపించింది. ఆ సంగతే ఈ టపా. నేనేదో ఎలక్ట్రానిక్స్ పండితుణ్ణని అనుకునేరు, రెసిస్టర్ రంగులు ఇప్పటికీ చార్టు చూసి చదువుతాను.

మా వైపు ఎలక్ట్రానిక్స్ అంటే ముందు రేడియోనే. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఇంట్లో రేడియో పెట్టుకుంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి, ఆ పద్ధతి 1980ల్లో గానీ పోలేదు. 1947లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు ట్రాన్సిస్టర్ కనిపెట్టారు. తరవాత కొన్ని దశాబ్దాలకి అది పొలం గట్టు దాకా వచ్చి, రేడియోనే 'ట్రాన్సిస్టర్' అని పిలిచే దాకా వెళ్లింది. వచ్చిన వస్తువు చెడిపోక మానదు కదా. అందుకని నరసరావుపేట, మాచర్ల, గురజాల, ఎక్కడ చూసినా బస్టాండు చుట్టుపక్కల రెండు మూడు రేడియో రిపేరు షాపులు వెలిశాయి.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అలాంటి ఒక షాపు ముందు సాయంత్రాలు నిలబడేవాణ్ణి. షాపాయన్ని 'అన్నా' అనేవాళ్లం. ఆయనకి పదో తరగతి కూడా లేదు. మూగబోయిన రేడియో వస్తే మూత తీసి, స్క్రూడ్రైవర్ కొన మీద వేలు పెట్టి, వాల్యూమ్ కంట్రోల్ మధ్య పిన్నుకి తాకించేవాడు. స్పీకర్లో 'బుర్ర్' మని శబ్దం వచ్చిందా, ఆంప్లిఫయర్ బాగానే ఉన్నట్టు, జబ్బు దానికి ముందున్న భాగంలో ఉంది. రాలేదా, జబ్బు దాని తరవాత. ఒక్క తాకుడుతో సగం రేడియోని పక్కన పెట్టేసేవాడు. మిగిలిన సగంలో మళ్లీ అదే పని.

పదేళ్ల తరవాత ఇంజనీరింగ్‌లో బైనరీ సెర్చ్ చెప్పినప్పుడు నాకు ఆ 'బుర్ర్' వినిపించింది. కానీ అప్పట్లో ఇంట్లో ఏమన్నారో తెలుసా? "చదువు ఎగ్గొట్టి రేడియో మెకానిక్ అవుతావేందిరా?" అదీ మన లెక్క. మెకానిక్ వేరు, ఇంజనీరు వేరు.

దేశంలో జరగాల్సినవి జరుగుతూనే ఉన్నాయి. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ పెట్టారు, దాన్ని నిలబెట్టింది మన తెలుగాయనే, ఏ.ఎస్.రావు గారు. రెండేళ్లకే, 1969లో, టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారు చేశారు. 1984లో కేంద్రం 'క్లాస్' అనే పథకం పెట్టి, మొదటి విడతగా 250 బడులకి ఇంగ్లండు నుంచి వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. 32 కిలోబైట్ల మెమరీ, ఆన్ చెయ్యగానే బేసిక్ భాష సిద్ధం. ఆ 250లో మా బడి లేదు. మాకున్న ల్యాబు రేడియో షాపు అరుగే.

షాపు అన్న మాత్రం రేడియో దగ్గర ఆగలేదు. లో ఓల్టేజీ పెరిగితే స్టెబిలైజర్లు చుట్టాడు. టీవీలొస్తే టీవీలు విప్పాడు. చివరికి ఆయనకి కూడు పెట్టింది ఆటోస్టార్టర్. పల్నాడులో సాగర్ కుడి కాలువ నీళ్లు 1967 నుంచి పారుతున్నా అన్ని ఊళ్లకీ ఎక్కవు. బొల్లాపల్లి, వెల్దుర్తి లాంటి మెట్ట ప్రాంతాల్లో బోర్లే దిక్కు. మా బాబాయి పొలం వెల్దుర్తి వైపే.

పొలాల్లో మోటారు స్టార్టర్ చూశారుగా? పచ్చ బటన్ నొక్కితే లోపల కాయిల్ కాంటాక్టుని పట్టుకుంటుంది. కరెంటు పోతే వదిలేస్తుంది. తిరిగి వచ్చినా తనంతట తాను పట్టుకోదు, ఎవరో వెళ్లి నొక్కాలి. వ్యవసాయానికి విడతలుగా, అందులో కొంత అర్ధరాత్రి కరెంటిచ్చిన ఏళ్లలో ఆ నొక్కడం కోసం చీకట్లో పొలం వెళ్లి పాము కాటుకీ, షాక్‌కీ పోయిన రైతులు మన జిల్లాల్లో ఎందరో. మా బాబాయి ఒకప్పుడు పచ్చ బటన్ లోపలికి నొక్కి పుల్ల దోపేవాడు. దానికన్నా ఆటోస్టార్టర్ నయం, కరెంటు రాగానే అదే బటన్ నొక్కుతుంది.

మరి కరెంటు డిపార్ట్‌మెంటుకి అదంటే ఎందుకు పడదు? లెక్క చూడండి. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. లేచేటప్పుడు దానికి ఆరు రెట్లు. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వగలిగింది ఎనభై పైచిలుకు ఆంపియర్లు. పది మోటార్లు నడుస్తుంటే 70, ఇబ్బంది లేదు. పదీ ఒకేసారి లేస్తే 420! ఫ్యూజులు ఎగిరిపోతాయి, మళ్లీ మళ్లీ జరిగితే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. అది బాగయ్యే దాకా పది మంది పైర్లూ ఎండుతాయి.

సర్వర్ పడిపోయి లేవగానే క్లయింట్లన్నీ ఒక్కసారి మీద పడటం మనకి తెలుసు. మందు కూడా తెలుసు. 1971లో హవాయిలో అలోహానెట్, 1973 నుంచి ఈథర్నెట్ చేసిన పనే అది. ఢీకొన్నవాళ్లు ఒక్కొక్కరూ తలా కాసేపు, ఎంతసేపో లాటరీ వేసుకుని, ఆగాలి.

మా అన్న మందు 555 టైమర్ చిప్పు. 1971లో హాన్స్ కామెన్‌జిండ్ అనే ఆయన డిజైన్ చేశాడు, ఇప్పటికీ అంగట్లో దొరుకుతుంది. ఒక మెగోమ్ రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే 1.1తో హెచ్చవేసి 110 సెకన్లు ఆగుతుంది. అందరికీ అవే పార్టులు వేస్తే అందరి మోటార్లూ 110 సెకన్లకే లేవాలిగా? లేవవు! చవక కెపాసిటర్ 20 శాతం అటూ ఇటూ ఉంటుంది. ఒకటి 95కి, ఇంకొకటి 125కి లేస్తుంది. నాసిరకం పార్టే అక్కడ లాటరీ వేస్తోంది.

ఇది విన్నాక నా సొరుగు తెరిచాను. ఆర్డునో 2005లో ఇటలీలో ఇవ్రియా అనే ఊళ్లో, ఎలక్ట్రానిక్స్ రాని డిజైన్ విద్యార్థుల కోసం పుట్టింది, అంటే నాలాంటి వాళ్ల కోసమే. ప్రోగ్రాము పది లైన్లు. రాండమ్ ఫంక్షన్‌తో ఒక అంకె తీసుకో, అన్ని సెకన్లు ఆగు, రిలే నొక్కు. గొప్పగా ఫీలయ్యి రెండు బోర్డుల్లో ఎక్కించి, మోటార్ల బదులు రెండు ఎల్ఈడీలు పెట్టి, ఒకే స్విచ్చు వేశాను.

రెండూ ఒకేసారి వెలిగాయి. మళ్లీ వేశాను. మళ్లీ ఒకేసారి.

ఎందుకంటే ఆ రాండమ్ నిజం లాటరీ కాదు, రాసిపెట్టుకున్న వరస. బోర్డు లేచిన ప్రతిసారీ మొదటి అంకె నుంచే చదువుతుంది. కరెంటు పోయి వస్తే ఊళ్లో బోర్డులన్నీ ఒకటే అంకె చెప్తాయి. పదిహేనేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నవాణ్ణి, చవక కెపాసిటర్ చేసే పని కూడా చెయ్యలేకపోయాను. మామూలుగా చెప్పే చిట్కా, దేనికీ కలపని అనలాగ్ పిన్ను చదివి దాంతో సీడ్ ఇమ్మని. గాల్లోంచి వచ్చే గరగరే, రేడియోలో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య వినపడే బాపతు. అదీ అన్నిసార్లూ నమ్మకం కాదని తేలాక, ఒక్కో బోర్డుకి ఒక్కో అంకె సీడ్‌గా ఇచ్చాను. మా బాబాయి బోర్డుకి ఆయన పొలం సర్వే నంబరు :)

నాకు ఎలక్ట్రానిక్స్ మొదలైంది ఆ రోజు. కిట్ కొన్న రోజు కాదు. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. కొనకముందు మీ ఇంట్లోనో, మీ ఊళ్లోనో ఎవరికైనా నిజంగా ఉన్న ఇబ్బంది ఒకటి పట్టుకోండి. మీ ఊరి మెకానిక్ దాన్ని ఇప్పటిదాకా ఎలా నెట్టుకొస్తున్నాడో వెళ్లి చూడండి. బల్ల మీద 5 ఓల్టులతో, ఎల్ఈడీలతో తేల్చుకోండి. త్రీఫేజ్ దగ్గరికి మాత్రం మీరు వెళ్లకండి, అది తెలిసినవాళ్ల పని. నా బోర్డుని స్టార్టర్‌కి కలిపింది నేను కాదు, ఇప్పుడు జుట్టు నెరిసిన ఆ షాపు అన్నే.

కలిపాక మా బాబాయి డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు, "తిప్పే చెవి ఏదిరా దీనికి?"

"ఎందుకు బాబాయ్?"

"పాతదానికి ఉండేది. సున్నాకి పెట్టుకునేవాణ్ణి, అందరికన్నా ముందు మన మోటారే లేచేది."

నేను అన్న వైపు చూశాను. "అందరూ అంతేనయ్యా," అన్నాడాయన, "చెవి పెట్టకపోతే కొనరు."

మా బాబాయి ఒక్కడి డబ్బాకి చెవి లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఆగుతుందా? ఆగదు. మిగతా తొమ్మిదీ సున్నా మీదే ఉన్నాయి. దానికి ప్రోగ్రాము ఎలా రాయాలో నాకింకా తెలీదు.