కృప నుండి తొలగిపోవడం

కృప నుండి తొలగిపోవడం అనేది క్రైస్తవ వేదాంతంలోని ఒక పదబంధం. దేవుడు ఉచితంగా అనుగ్రహించిన రక్షణను పొందిన మనిషి, తరువాత దానిని పోగొట్టుకొనే అవకాశం ఉందా అనే చర్చకు ఇది ఆధారమైంది. కొత్త నిబంధనలో పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక, 5వ అధ్యాయం, 4వ వచనంలో ఈ మాట కనిపిస్తుంది. ఘోరపాపం చేసి దేవుని దయకు దూరమయ్యాడు అనే అర్థం వాడుకలో స్థిరపడింది. కాని పౌలు ఈ మాట అన్నది పాపంలో పడినవారిని గురించి కాదు, ధర్మశాస్త్రాన్ని పాటించి నీతిమంతులు కావాలనుకున్నవారిని గురించి.

పదం, అర్థం

కృప అనే మాటకు గ్రీకు మూలం 'ఖారిస్'. అర్హతను చూడకుండా చేసే మేలు అని దీని భావం. ప్రొటెస్టెంటు సంఘాలవారు దీనిని 'కృప' అంటారు. తెలుగు కథోలికుల ప్రార్థనలలో 'వరప్రసాదము' అనే మాట వినిపిస్తుంది. తొలగిపోవడం అనే అర్థంలో ఉన్న గ్రీకు క్రియ 'ఎక్పిప్తో'. వాడిన పువ్వు రాలడానికి (యాకోబు 1:11), గాలివానలో ఓడ దారి తప్పి ఇసుకతిప్పల మీదికో రాతిచోట్లకో కొట్టుకుపోవడానికి (అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం) ఇదే క్రియను వాడారు. గోదావరి పాయలలో పడవ మేట మీదికి ఎక్కడం చూసినవారికి ఈ ఉపమానం సులభంగానే బోధపడుతుంది. తెలుగులో 'తొలగిపోవు' అకర్మక క్రియ. దేవుడు తొలగించాడని కాక, మనిషే తొలగిపోయాడని చెప్పడానికి ఇది తగిన మాట.

గలతీ పత్రికలో సందర్భం

గలతీయ ప్రాంతంలో (నేటి టర్కీ మధ్యభాగం) పౌలు స్థాపించిన సంఘాలలో అధికులు యూదులు కానివారు. క్రీస్తును నమ్మితే చాలదనీ, సున్నతి పొంది మోషే ధర్మశాస్త్రాన్ని కూడా ఆచరించాలనీ కొందరు బోధకులు వారికి చెప్పారు. రక్షణకు ఆచారాన్ని షరతుగా ఒప్పుకొంటే, ఉచితంగా వచ్చినదానిని తిరిగి వెలకు కొనబూనినట్లే అవుతుందని పౌలు వాదం. అందువల్ల ఆయన దృష్టిలో కృపను విడిచినవాడు నియమం తప్పినవాడు కాదు, నియమాన్నే నమ్ముకొన్నవాడు.

ఇదే పత్రిక 6వ అధ్యాయం మొదటి వచనంలో నిజంగా తప్పు చేసి పట్టుబడినవాని ప్రస్తావన ఉంది. అతనిని సాత్వికంతో తిరిగి దారికి తేవాలని పౌలు చెప్పాడే గాని, కృప నుండి తొలగిపోయాడని అనలేదు. ఈ రెండు చోట్లనూ కలిపి చదవకపోవడమే ఈ మాట నిందావాక్యంగా మారడానికి ముఖ్య కారణమని చెప్పవచ్చు.

ద్రాక్షారామానికి సంబంధించిన దక్షయజ్ఞ కథ తెలిసినవారు ఇక్కడ ఒక పోలికను గమనించవచ్చు. దక్షుని యజ్ఞంలో ఆడంబరానికి లోటు లేదు, శివునికి మాత్రం పిలుపు లేదు. క్రతువును నమ్ముకొని దైవాన్ని వదలడం అన్నంతవరకే ఈ పోలిక. దక్షుని కథలో అహంకారం, అవమానం, శిక్ష ప్రధానాలు. గలతీ పత్రికలో సమస్య భయం: చేసినది చాలదేమో అనే భయం.

భిన్నాభిప్రాయాలు

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 6, 10 అధ్యాయాలు, రెండవ పేతురు పత్రిక 2వ అధ్యాయం విశ్వాసాన్ని విడిచిపెట్టినవారిని తీవ్రంగా హెచ్చరిస్తాయి. యోహాను సువార్త 10వ అధ్యాయం, రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయం మాత్రం దేవుని చేతిలో ఉన్నవారిని ఎవరూ వేరు చేయలేరని భరోసా ఇస్తాయి. తరువాతి వాదాలన్నీ వీటిని ఎలా సమన్వయపరచాలన్నదాని చుట్టూనే నడిచాయి.

క్రీ.శ. 250లో రోమను చక్రవర్తి డేసియస్ హింసకు జడిసి అనేకులు విగ్రహాలకు బలులు అర్పించారు. వారిని మళ్ళీ సంఘంలో చేర్చుకోరాదని నోవేషియన్ అనే రోము నగర గురువు పట్టుబట్టాడు. పశ్చాత్తాపపడినవారిని చేర్చుకోవచ్చన్న పక్షమే చివరకు నిలిచింది. 1547లో ట్రెంటు మహాసభ, అవిశ్వాసం వల్లనే కాక ప్రతి చావైన పాపం వల్ల కూడా వరప్రసాదం పోతుందని ప్రకటించింది. పాపసంకీర్తనం ద్వారా దానిని తిరిగి పొందవచ్చని కథోలికుల విశ్వాసం. 1618-19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డోర్ట్ సభ, దేవుడు ఎన్నుకొన్నవారు పడినా పూర్తిగా నశించరని తీర్మానించింది. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ (1703-1791) దీనిని అంగీకరించలేదు.

గోదావరి డెల్టాలో

ఐరోపాలో పుట్టిన ఈ భేదాలు గోదావరి డెల్టాలో పక్కపక్క ఊళ్ళలోకి వచ్చి చేరాయి. 1836లో ఇంగ్లండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం ప్రాంతంలో బ్రదరెన్ సమాజాలకు పునాది వేశారు. 1845లో రాజమండ్రిలో లూథరన్ మిషను మొదలైంది. కెనడియన్ బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని ప్రారంభించారు. ద్రాక్షారామానికి దగ్గరలోని రామచంద్రపురం కూడా వారి కేంద్రాలలో ఒకటి.

లూథరన్ల ప్రమాణమైన ఆగ్స్‌బర్గ్ విశ్వాసప్రమాణం (1530) 12వ అధికరణం, ఒకసారి నీతిమంతుడైనవాడు పరిశుద్ధాత్మను కోల్పోడు అనే బోధనూ, పడినవారికి క్షమాపణ నిరాకరించే బోధనూ రెండింటినీ ఖండించింది. కాబట్టి లూథరన్ల ప్రకారం తొలగిపోవడం సాధ్యమే, తిరిగి రావడమూ సాధ్యమే. తిరిగి వచ్చినవానికి మళ్ళీ బాప్తిస్మం ఇవ్వరు. బ్రదరెన్ బోధలో సాధారణంగా రక్షణ పోయేది కాదు. పాపం వల్ల చెడేది దేవునితోను సమాజంతోను ఉండే సహవాసం. అందుచేత తప్పిపోయినవానిని కొంతకాలం రొట్టె విరిచే కూడికకు దూరంగా ఉంచుతారు. బాప్టిస్టులలో కాల్విన్ మార్గాన్ని అనుసరించేవారు, శాశ్వతంగా విడిచి వెళ్ళినవానికి మొదటి నుండీ నిజమైన మారుమనస్సు లేదని భావిస్తారు. తరువాత వ్యాపించిన పెంతెకోస్తు సంఘాలలో రక్షణను పోగొట్టుకోవచ్చనే హెచ్చరిక ఎక్కువగా వినిపిస్తుంది.

ఈ భేదం పండితులకే పరిమితం కాదు. తాగుడుకు లోనైన వ్యక్తిని గురించి ఒక సంఘంలో 'పడిపోయాడు' అనీ, మరొక సంఘంలో 'అసలు రక్షణే పొందలేదు' అనీ అంటారు. మొదటి మాటలో తిరిగి లేచే మార్గం ఉంది. రెండవ మాట విన్నవాడు తన గతమంతటినీ అనుమానించవలసి వస్తుంది. రక్షణ పోదని బోధించేవారు మొదటి పక్షంపై చేసే ఆక్షేపణ కూడా బలమైనదే: పోగొట్టుకొంటానేమోనన్న భయంతో చేసే భక్తి, గలతీయులు పడిన ఉచ్చులోకే మళ్ళీ దారితీస్తుందని వారంటారు.